అడిగేవాళ్ళు లేని ఆవిడ

పూజించేవాళ్ళు ఒక్కరు కూడా మిగలని దేవుడు ఏమవుతాడు? అప్పటికీ దేవుడేనా, లేక ఉత్త రాయేనా? ఈ అనుమానం ఆయన్ని ఏళ్ళ తరబడి తొలిచేస్తోంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని తెలుసు.

ఆయన మ్యూజియంలో ప్రాచీన నాగరికతల హాలుకి కాపలాదారు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టుకున్నాకే యూనిఫారం తొడుక్కునే మనిషి. అందుకే తోటివాళ్ళు ఆయన్ని 'భక్తుడుగారు' అని పిలుస్తారు. పిలుపులో సగం గౌరవం, సగం వెక్కిరింత. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

ఆ హాల్లో గ్రీసు దేవతలున్నారు, మెసొపొటేమియా, ఈజిప్టు దేవుళ్ళున్నారు, మెక్సికో నుంచి, చైనా నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఏ దేశపు బొమ్మ చూసినా దగ్గర్లో ఒక ప్రమిదో, ధూపం వేసే పాత్రో, నీళ్ళు పోసే చెంబులాంటిదో ఉంటుంది. ఒకరి మొహం ఒకరు ఎరగని మనుషులు దేవుడి ముందుకొచ్చేసరికి ఇంచుమించు ఒకేలా నడుచుకున్నారే అని ఆయన అబ్బురపడేవాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి మాత్రం అదేమీ పట్టదు.

"దేవుడికి నక్క తలేంట్రా? వీళ్ళకి మనిషి తలలు దొరకలేదా?" అంటాడొకడు.

"మా ఆయన పొద్దున లేచేసరికి అచ్చం ఇలాగే ఉంటాడు," అంటుంది ఒకావిడ. పక్కనున్న ఆ మొగుడు కూడా పగలబడి నవ్వుతాడు.

"పాపం, అజ్ఞానులు," అని జాలిపడతాడు ఇంకో పెద్దమనిషి. ఇంటికెళ్ళి తాను ఎలాంటెలాంటి రూపాలకి చేతులు జోడిస్తాడో ఆ క్షణంలో ఆయనకి గుర్తురాదు.

అద్దానికి ఆనుకోకండి, వేళ్ళతో పొడవకండి అని చెప్పీ చెప్పీ భక్తుడుగారి నోరు ఎండిపోయేది. చదువరులు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఆ హాలుకి వచ్చేవాళ్ళలో చదువు లేనివాళ్ళు తక్కువ. చదువుకుని, పిల్లలకి ప్రపంచ చరిత్ర చూపిద్దామని టికెట్టు కొనుక్కుని మరీ వచ్చి, ఆ పిల్లలకి వెక్కిరించడం నేర్పి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

హాలు చివర, కిటికీ పక్కన, ఈజిప్టు నుంచి వచ్చిన మోకాలెత్తు రాతిపలక ఒకటుంది. దాని మీద ఎత్తయిన కుర్చీలో కూర్చున్న స్త్రీ, చేతిలో తామరపువ్వు. కుర్చీ కోడు పట్టుకుని నిలబడ్డ ఒక పిల్ల. పక్కన పక్షులు, కళ్ళు, అలల గీతలతో బొమ్మల రాత. కింద చీటీ మీద 'సున్నపురాయి పలక, ఈజిప్టు' అని మాత్రం ఉంది.

కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. కూతురికి పురుడు కష్టమైంది, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కుతారో లేదో చెప్పలేమన్నారు. బదులు మనిషి వచ్చేదాకా హాలు విడిచి కదలడానికి లేదు. కాలు నిలవక తిరుగుతూ తిరుగుతూ ఆయన ఆ పలక ముందు ఆగాడు. తామరపువ్వు పట్టుకుని, పక్కన పిల్లని పెట్టుకున్న తల్లి. ఏ దేశపు అమ్మవారైతేనేం అనుకున్నాడు. "వాళ్ళిద్దరినీ దక్కించు తల్లీ, నీ ముందు పువ్వు పెడతాను," అని మొక్కుకున్నాడు.

ఇద్దరూ దక్కారు. ఆ మనవరాలు ఇప్పుడు రెండో తరగతి. పువ్వు మాత్రం పెట్టలేదు. పూలతో పురుగులొస్తాయని హాల్లోకి తేనివ్వరు. ఒకసారి అడిగి చూస్తే, స్టోరు గుమాస్తా "కొబ్బరికాయ కూడా కొడతారా భక్తుడుగారూ?" అన్నాడు. మళ్ళీ అడగలేదు. ఆ మొక్కు అలాగే ఉండిపోయింది, దాంతో పాటు అనుమానమూనూ.

ఇలా ఉండగా కొత్తగా వచ్చిన ప్రదర్శనల ఆఫీసరు ఆ పలక పక్కన నిలువెత్తు చెక్కబోర్డు ఒకటి నిలబెట్టించాడు. దాని మీద ఆ స్త్రీ బొమ్మే, పెద్దదిగా, రంగుల్లో. మొహం ఉండాల్సిన చోట గుండ్రంగా కన్నం. వెనక నుంచి ఎవరి మొహమైనా పెట్టి ఫొటో దిగొచ్చు. పైన ఎర్రటి అక్షరాలతో 'మీరే దేవత' అని రాయించాడు.

"సార్, ఇది బాగోదేమో," అన్నాడు భక్తుడుగారు.

"ఎందుకు బాగోదు? జనం రావాలా, వద్దా?"

"మీ ఇంట్లో పటానికి ఇలా కన్నం పెడతారా సార్?"

"పెడితే నన్ను బతకనిస్తారా పెద్దాయనా? అందుకేగా ఈవిణ్ణి పట్టుకుంది. ఈవిడ తరఫున వచ్చి అడిగేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?" అని ఆఫీసరు భుజం తట్టాడు. "మీరు ఇక్కడే ఉండి, వాళ్ళ ఫోన్లు పుచ్చుకుని ఫొటోలు తీసిపెడుతూ ఉండండి."

మొదటిరోజే ఒక లావుపాటాయన కన్నంలో మొహం పెట్టి నాలిక బయటపెట్టాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు తొందరపెట్టారు. భక్తుడుగారు పళ్ళు నూరుకుంటూ ఫొటోలు తీశాడు. ప్రతి ఫొటోకీ తన మొక్కే తనని గుచ్చినట్టుంది.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని ఉండబట్టలేక మొత్తం కక్కేశాడు. పరాయి దేవతకి మొక్కినందుకు భార్య చివాట్లు పెడుతుందని ఇన్నాళ్ళూ దాచాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"మొక్కుకుని ఇన్నేళ్ళు తీర్చకుండా ఎలా కూర్చున్నారండీ?"

"అది మన దేవత కాదు కదే..."

"మన పిల్ల ప్రాణం కోసమేగా మొక్కింది? అప్పుడు లేని మన, పరాయి ఇప్పుడొచ్చాయా? ఇంతటి భక్తులు, ఇదా మీ భక్తి?"

"పువ్వు లోపలికి రానివ్వరు."

"అయితే ఆవిడకి ఇంకేమిస్తే సరిపోతుందో కనుక్కోండి. ముందు అన్నం తినండి, చల్లారిపోతోంది."

కనుక్కోవడానికి మనిషి మర్నాడే దొరికింది. చీటీలన్నీ కొత్తగా రాయడానికి పాత లిపులు చదివే ప్రొఫెసరమ్మ ఒకావిడ వచ్చింది. వస్తూనే బోర్డు చూసి, "ఎవరిదీ ఘనకార్యం?" అని మొహం చిట్లించి, భూతద్దం తీసుకుని పలక ముందు కూర్చుంది. చాలాసేపటికి ఆవిడ తలెత్తినప్పుడు భక్తుడుగారు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఈ అమ్మవారి పేరేమిటండీ?"

"అమ్మవారా? ఎవరు చెప్పారు?"

"చేతిలో తామరపువ్వు ఉంది కదండీ."

ప్రొఫెసరమ్మ నవ్వింది కానీ ఆ నవ్వులో వెక్కిరింత లేదు. "ఆ దేశంలో మామూలు మనుషులు కూడా పువ్వు వాసన చూస్తున్నట్టు బొమ్మ చెక్కించుకునేవాళ్ళు. ఈవిడ దేవత కాదు బాబుగారూ, ఒక ఇల్లాలు. ఇది ఆవిడ సమాధిరాయి. పక్కనున్నది కూతురు."

ఆయన గోడకి ఆనుకున్నాడు. ఎవరినీ ఎప్పుడూ గోడకి ఆనుకోనివ్వని మనిషి.

"ఆ రాతలో ఏముందండీ?"

ఆవిడ వేలు గాల్లో కదుపుతూ చదివింది. "'భూమి మీద బతికున్నవాళ్ళారా, ఈ రాయి పక్కనుంచి నడిచి వెళ్ళేవాళ్ళారా, నా కోసం ఒక్క మాట అనండి. రొట్టె, బీరు, చల్లని నీళ్ళు, హాయైన గాలి ఈ ఇల్లాలికి అందాలి అనండి. మీ చేతిలోంచి పోయేదేమీ లేదు. మీ నోటి ఊపిరి చాలు.' దారిన పోయేవాళ్ళు పైకి అంటే చాలు, అది చనిపోయినవాళ్ళకి అందుతుందని వాళ్ళ నమ్మకం. అక్కడి సమాధిరాళ్ళ మీద ఇలాంటి విన్నపాలు చాలా కనిపిస్తాయి."

"అయితే ఇన్ని వేల ఏళ్ళుగా అడుగుతూనే ఉందన్నమాట."

"అడుగుతూనే ఉంది. చదివేవాళ్ళే లేరు."

"మేమేమో మొహానికి కన్నం పెట్టాం," అన్నాడాయన. ఆ రోజు ఇక ఎవరి ఫోనూ చేతిలోకి తీసుకోలేదు. ఒకావిడ ఫిర్యాదు చేసింది. ఆఫీసరు వచ్చాడు.

"ఏంటి పెద్దాయనా, రిటైరయ్యే ముందు ఈ గొడవేంటి?"

"బోర్డు తీయించండి సార్. అది ఒక తల్లి సమాధిరాయి."

"అయితే? దాని గురించి ఎవరు ఫిర్యాదు చేస్తారు?"

"నేను చేస్తున్నాను. రాసుకోండి."

"మీరు ఆవిడకి ఏమవుతారని?"

"బాకీ ఉన్నాను సార్."

ఆఫీసరుకి అర్థం కాలేదు.

"అడిగేవాళ్ళు లేరని అన్నారు కదా సార్. బలగం ఉన్నవాళ్ళ దేవుడి జోలికి ఎవరూ పోరు. అది గౌరవం కాదు, భయం. అడగలేనివాళ్ళ ముందు ఎలా నడుచుకుంటామో అదీ మన మర్యాద. ఈ హాల్లో ఉన్న ప్రతి బొమ్మకీ ఒకప్పుడు నాలాంటివాడు పొద్దున్నే లేచి దీపం పెట్టాడు. ఎప్పటికైనా మా ఇంటి పటాలు కూడా ఇలాంటి అద్దాల పెట్టెలోకి చేరతాయేమో, నాకు తెలీదు. అప్పుడు వచ్చేవాళ్ళు వాటిని చూసి నవ్వకూడదని మనకుంటే, ఇవాళ మనం నవ్వకూడదు."

"సమాధి అని ముందే చెప్పాలి కదా," అని ఆఫీసరు విసుక్కున్నాడు.

"మీరు ఎవరినీ అడగలేదు సార్."

ఆఫీసరు వెళ్ళిపోయాడు. మర్నాడు హాలు తెరిచేసరికి ఎర్రక్షరాలు లేవు. కన్నం మీద చెక్క బిగించి, ప్రొఫెసరమ్మ చదివిన మాటలు అందరికీ కనబడేలా అతికించారు. మొదట వచ్చిన కుర్రాడు అవి స్నేహితులకి గట్టిగా చదివి వినిపించి, "చచ్చాక కూడా బీరు అడిగిందిరా," అని నవ్వాడు. భక్తుడుగారి మొహం ఎర్రబడింది.

"ఊరుకోండి," అంది ప్రొఫెసరమ్మ మెల్లగా. "నవ్వుతూ చదివినా చదివినట్టే. దారిన పోయేవాళ్ళలో అందరికంటే ముందు ఇచ్చింది ఆ అబ్బాయే."

మధ్యాహ్నం జనం పలచబడ్డాక భక్తుడుగారి భార్య టికెట్టు కొనుక్కుని వచ్చింది. మొక్కు ఒక్కరు తీరిస్తే చెల్లదని ఆవిడ పట్టు. ఇద్దరూ పలక ముందు నిలబడ్డారు. ఆవిడ బోర్డు మీద మాటలు పెదాలు కదుపుతూ చదువుకుని, మొగుడి చెవిలో అడిగింది.

"అది కూడా అనాలా?"

"ఆవిడ అడిగింది కదే."

జన్మలో ఆ వస్తువు ముట్టని మనిషి, ఇంట్లో ఆ పేరు కూడా ఎత్తనివ్వని మనిషి, చేతులు జోడించాడు. పక్కన భార్య గొంతు కలుస్తుండగా హాలంతా వినిపించేలా అన్నాడు.

"రొట్టె, బీరు, చల్లని నీళ్ళు, హాయైన గాలి ఈ ఇల్లాలికి అందాలి."