అరిగిపోయిన అంచు

నేను ఒక వెండి పతకాన్ని. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులో నన్ను అచ్చుకొట్టారు. ఒక పక్క నెత్తిన కిరీటం లేని తెల్లదొరల రాజు, మరో పక్క గుర్రమెక్కిన దిసమొల మనిషి. ఆ బొమ్మలు లక్షల పతకాల మీద ఉన్నాయి, వాటిని చూసుకుని నేను గొప్పలు పోయేదేమీ లేదు. నాదంటూ ఉన్నది నా అంచు. ఆ సన్నటి జాగాలో ఒక నంబరు, దాని పక్కన 'సిపాయి పోలయ్య' అని చెక్కారు. ఆ అంచును ఈ మనుషులు ఏం చేశారో చెబుతాను. మర్యాదగా చెబుతానని మాత్రం అనుకోకండి.

బొడ్డు పోలయ్య ఇరాక్‌లోని బస్రాలో కాలికి తూటా తగిలించుకుని కుంటుతూ ఊరు చేరాడు. ఆ తర్వాత రెండేళ్ళకు నేను తపాలాలో వచ్చాను. "కాలిచ్చి కొనుక్కున్నాను" అని నన్ను అందరికీ చూపించేవాడు. ఆయన భార్య మాత్రం గుర్రం మీదున్నవాణ్ణి ఎవరో దేవుడనుకుని బొట్టు పెట్టింది. అక్కడితో ఆగినా బతికిపోయేదాన్ని. దసరా వచ్చింది. కత్తి, కొడవలి, నాగలికర్రుతో పాటు నన్నూ ఆయుధపూజకు తోమింది. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు! కుంకుమ ఇరుక్కుంటుందని అంచును మరీ గట్టిగా రుద్దింది.

ఆవిడ పోయాక మనవరాలు అప్పలనరసమ్మ అందుకుంది. ఈవిడకు తాతంటే ప్రాణం, అందుకని ఇంకా గట్టిగా తోమింది. మిగతా ఏడాదంతా నన్ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రబ్బరు బ్యాండు బిగించి, రేకు పెట్టెలో పడేసేది. రబ్బరు తగిలినచోట వెండి నల్లబడుతుంది. నల్లబడిందని మళ్ళీ తోముతుంది. ప్రేమట! ఇలాంటి ప్రేమ పగవాడిక్కూడా వద్దు.

పోయిన ఏడాది ఊళ్ళో బడి ముందు, యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెడతామన్నారు. అప్పలనరసమ్మ తాత పేరు రాయించడానికి వెళ్తే, ఊరి పెద్దరికం వెలగబెట్టే సింహాద్రినాయుడు పదిమందిలో నోరు పారేసుకున్నాడు.

"మీ తాతేటి, యుద్ధమేటి? రేవులో మూటలు మోసీవోడు. ఎవుడి బిళ్ళో కొట్టుకొచ్చి నీకు సూపినాడు."

"నీ నోరు పడిపోను! మా తాత దొంగేట్రా?"

"అయితే రుజువు తే."

తాత పట్టాళం కాగితాలన్నీ ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలింది నేనే. డెబ్బై దాటిన ఆ మనిషి నన్ను కొంగున ముడేసుకుని పట్నం మ్యూజియానికి బస్సెక్కింది.

అక్కడ పతకాలను పరీక్షించే అధికారి పేరు చక్రపాణి. నకిలీవి పట్టుకుని పట్టుకుని మనుషులంటేనే నమ్మకం పోయిన మనిషి. చేతులకు తొడుగులేసుకుని నన్ను తూచాడు, భూతద్దం కింద పెట్టాడు. "వెండి అసలుదే, అచ్చు అసలుదే" అన్నాడు. ఆవిడ మొహం వెలిగింది. అంచు తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"పేరేదమ్మా?"

"దాని మీదే ఉంటాదని మా తాత సెప్పీవోడు బాబూ. బస్రాలో తూటా కూడా తగిలింది. నాకు సదువు రాదు."

"రికార్డుల్లో పోలయ్యలు పదిమంది ఉన్నారు, ఇంటిపేర్లు లేవు. నంబరుంటే క్షణంలో తేలిపోయేది. ఇలా పేరు అరగదీసి ఉంటే, ఎవరిదో కొట్టేసి గుర్తు చెరిపేశారనే అనుకుంటాం."

"అయ్యో బాబూ! నానే తోమినాను! ఏటేటా దసరాకి ఈ సేతుల్తోనే తోమినాను. తాత బిళ్ళని మురికిగా ఎలగుంచుతాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులారా తుడిచేసింది తనే, ఇప్పుడు బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నదీ తనే. సింహాద్రినాయుడికి ఇంతకంటే ఏం కావాలి?

పోలయ్య పేరు లేకుండానే రాయి నిలబడింది. "ఊళ్ళో దొంగ బిళ్ళంటన్నారు బాబూ, మీకాడే ఉంచండి" అని ఆవిడ నన్ను మ్యూజియానికి ఇచ్చేసింది. ఇక్కడ నాది రాజభోగం. మెత్తటి ప్రత్యేకమైన కాగితం, తేమ పీల్చే పొట్లం, గాజు పెట్టె. ఒట్టి చేత్తో ఎవరూ ముట్టుకోరు. కాపాడ్డానికి ఏమీ మిగలనప్పుడు ఎంత జాగ్రత్తో! పక్కన ఒక అట్టముక్క పెట్టారు. 'మొదటి ప్రపంచ యుద్ధ పతకం. ఎవరిదో తెలియదు.' రాసినవాడు చక్రపాణే.

నిన్న అప్పలనరసమ్మ వచ్చింది. గాజు మీద వేలు పెట్టి, "ఇందులో మా తాత పేరు రాసినారా బాబూ?" అని అడిగింది.

అబద్ధాలు పట్టుకోవడమే పనిగా బతికిన ఆ మనిషి అట్టముక్క వైపు చూశాడు. అక్షరాల మీద వేలు ఆడిస్తూ చదివాడు.

"బొడ్డు పోలయ్య. సిపాయి. బస్రా యుద్ధంలో గాయపడ్డాడు."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. కళ్ళు తుడుచుకుని, తలెత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ముసలిదానికి అబద్ధం చెప్పానని చక్రపాణి తల దించుకుని నిలబడ్డాడు. ఓరి పిచ్చోడా! అట్టముక్క మీద నువ్వు రాసిందే అబద్ధం, నువ్వు చదివిందే నిజం. ఆ మాట నీకు చెప్పడానికి నాకు నోరేదీ?