రెండుకీ మూడుకీ మధ్య

ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఆయన రోజూ ఏడింటికల్లా వచ్చి, జాలీ తలుపుకి ఓ చుక్క నూనె వేసి, లోపల స్టూలు మీద కూర్చునేవాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. పాతకాలపు లిఫ్టు. వీల్‌చెయిర్ ఎక్కిస్తే ఆయన తప్ప మరొకరు పట్టరు. అందులో ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే అది రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయేది. ప్రార్థన అయ్యాక కదిలేది. లోపల ఎంతసేపు గడిచినా బయట గడియారాల్లో ముల్లు జరిగేది కాదు.

ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతే. పెద్ద నర్సమ్మ డ్యూటీ ఎక్కేముందు ఓ పావుగంట అక్కడ మోకరించి వెళ్లేది. రోగుల్ని చూడటానికి పాస్టరుగారు వచ్చినప్పుడు మాత్రం ఆయన వెంట ఎక్కడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. ఒకసారి తెలియక ఎక్కిన కాంపౌండరు, మూడో అంతస్తులో దిగేలోపు మధ్యాహ్నం భోజనం ముగించి ఓ కునుకు కూడా తీశాడు.

లిఫ్టాయన మాత్రం ఒక్కనాడూ ప్రార్థన చేసి దాన్ని ఆపలేదు. ఆదివారం చర్చికి వెళ్లేవాడు, కానుక వేసేవాడు, అంతే. మిగతా ఖాళీ అంతా ఫోనులో పేకాటకే సరిపోయేది.

ఆయన భార్య అదే ఆసుపత్రిలో, కింద లాండ్రీలో పనిచేసేది. ఒక్కో దుప్పటి మడతపెడుతూ, దాని మీద పడుకోబోయే మనిషి కోసం ప్రార్థన చేసేది.

"దుప్పటికో ప్రార్థనా? దేవుడికి విసుగు పుట్టదూ?" అనేవాడు.

"పని చేతులకే కదండీ. మనసు ఖాళీగానే ఉంటుందిగా."

"నాకు మాత్రం టైమే దొరకదు."

ఆవిడ పగలబడి నవ్వేది. "ఆ లిఫ్టులో కూర్చుని ఈ మాట అనేవాళ్లు లోకంలో మీరొక్కరే!"

ఒకరోజు తలుపు తీస్తుంటే ఫోను చేయిజారి, సందులోంచి అడుగుకి పడి ముక్కలైంది. ఆ పూటంతా చుట్ట మానేసినవాడిలా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. చూడటానికి ఇంకేం లేక ఎక్కేవాళ్ల మొహాలు చూశాడు. చేతిలో చీటీని ఒకటో అంతస్తు నుంచి ఆరో అంతస్తు దాకా మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాయన. తనకి మించిన ధైర్యం తెచ్చుకుని కూతురి జడ సవరిస్తున్నావిడ. మూడోరోజు, కళ్ల వార్డు ఎక్కడని అడిగిన ఓ ముసలాయన్ని చూసి, లోలోపలే, "ప్రభువా, ఈయన్ని కాస్త చూడు" అన్నాడు. లిఫ్టు చటుక్కున ఆగి, మళ్లీ కదిలింది. ఆయన మొహం పెళ్లికొడుకులా ఎర్రబడింది.

తర్వాత కొత్త ఫోను కొన్నాడు గానీ అది సంచీలోనే ఉండేది. ఎక్కినవాళ్ల కోసం మనిషికో మాట ప్రార్థన. ఏడాది తిరిగేసరికి అయిదు నిమిషాల దాకా సాగింది. అంతకుమించి మాత్రం మాటలు వచ్చేవి కాదు.

"అడగాల్సిందంతా అడిగేశాక ఇంకేం అనాలే?" అని భార్యని అడిగాడు.

"స్తోత్రాలు చెప్పండి. అవి ఓ పట్టాన తెమలవు," అంది.

ఆవిడ గుండె బాగా అలిసిపోయిందని, నెలరోజులు కదలకుండా పడుకోవాలని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. ఆవిడ వచ్చే నెల, ఆపై నెల అంటూ తోసుకొచ్చింది. చివరికి ఓ గురువారం పదకొండింటికి తడిదుప్పట్ల పక్కనే కూలబడింది.

చిన్న నర్సు ఆవిణ్ని వీల్‌చెయిర్‌లో తోసుకుంటూ వచ్చింది. "బాబాయ్, అయిదో అంతస్తుకి! నేను మెట్లమీద పరిగెత్తి డాక్టరుగారికి చెప్తా."

భార్య పెదాలు నీలంగా ఉన్నాయి. "అలిసిపోయానండీ. కాసేపు పడుకుంటే బాగుండు," అంది.

"పడుకో. నేనున్నాగా."

మీట నొక్కి ప్రార్థన మొదలుపెట్టాడు. లిఫ్టు ఆగింది. కాపాడమన్నాడు. మళ్లీ కాపాడమన్నాడు. అయిదు నిమిషాల్లో మాటలు అడుగంటాయి. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి జానెడు పైకి జరిగింది. ఆవిడ ఊపిరి ఇంకా తెగుతూనే ఉంది. పైకి వెళ్లేదాకా ఈ గుండె తట్టుకోలేదని ఆయనకి అర్థమైంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని స్తోత్రాలు అందుకున్నాడు. పెళ్లినాడు వానలో అందరూ జారిపడుతుంటే ఈమె నవ్వినందుకు. కురిసే ఇంట్లో గిన్నెలు పెట్టుకుంటూ కాపురం చేసినందుకు. ఊడిన ప్రతి గుండీని తను చూడకముందే కుట్టినందుకు. తొమ్మిది రోజులే బతికిన పాపని, ఆ తొమ్మిది రోజులూ తమకి ఇచ్చినందుకు. ఇన్నేళ్లలో ఆ పాప గురించి ఆయన దేవుడితో మాట్లాడటం అదే మొదలు. అయినా ఆపలేదు. స్టూలు కింది సీసాలో నీళ్లతో ఆవిడ పెదాలు తడిపాడు. కునుకు ముంచుకొస్తే తొడ గిల్లుకున్నాడు. జ్ఞాపకాల్లో ఒక రోజు తవ్వితే పది రోజులు బయటపడుతున్నాయి. ఎప్పుడో ఆవిడ గురక మొదలైంది. పాతికేళ్లుగా సణుక్కున్న గురక. దానికీ స్తోత్రం చెప్పాడు.

చాలాసేపటికి ఆవిడ కళ్లు తెరిచింది. పెదాలకి రంగు వచ్చింది.

"అయిదు ఇంకా రాలేదా?"

"వస్తుందిలే. నిద్ర పట్టిందా?"

"ఇలా పడుకుని ఎన్నేళ్లయిందో!"

ఇద్దరూ కలిసి ఆమెన్ అన్నారు.

అయిదో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి చిన్న నర్సు రొప్పుతూ ఆఖరి మెట్టు ఎక్కుతోంది. డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"ఈ గుండె తీరిగ్గా పడుకుని లేచినట్టుందే," అన్నారు. "గండం గడిచింది. ఇక నెలరోజులు లాండ్రీ మొహం చూడకూడదు."

నర్సు లిఫ్టాయన గడ్డం వైపు చూసింది. తెల్లగా, మూడు రోజుల మాసిన గడ్డం.

"బాబాయ్, మీరు కూడా ఇంటికెళ్లి పడుకోండి."

ఆయన ఏదో అనబోయాడు. గొంతు పూర్తిగా పోయింది. డాక్టరుగారికి రెండు చేతులూ జోడించాడు.

"ఆకలి దంచేస్తోంది," అంది ఆయన భార్య.

నర్సు బ్రెడ్డూ పాలూ తెచ్చిచ్చింది. ఆవిడ బ్రెడ్డు తుంచి పాలలో ముంచి, ముందు ఆయన నోటికి అందించింది.

"తినండి. నిద్రలో మీ గొంతు వినబడుతూనే ఉంది. పాప గురించి చెప్పింది కూడా విన్నాను."