రోల్ నంబరు లేని కాగితాలు

స్కూలు నర్సమ్మ చేసిన సర్వే ఫలితం చూసి హెడ్‌మాస్టర్ మురిసిపోయారు. తొమ్మిది, పది తరగతుల్లో కలిపి రెండొందల పన్నెండు మంది. మత్తు పదార్థాలు ముట్టుకున్నవాళ్లు సున్నా.

నర్సమ్మకు మాత్రం ఒళ్లు మండింది. అదే కాగితంలో తలనొప్పి మాత్ర ఎప్పుడైనా వేసుకున్నారా అని కూడా అడిగింది. దానికీ అందరూ లేదనే రాశారు. కిందటి వారం తన చేత్తోనే ముప్పై మందికి ఇచ్చింది ఆ మాత్రలు.

రాయరా మరి? పేరు అక్కర్లేదని పైన అచ్చు వేయించి, లెక్క తప్పకూడదంటూ మూలన రోల్ నంబరు వేయించారు హెడ్‌మాస్టర్. క్లాసు టీచర్లేమో బెంచీల మధ్య తిరుగుతూ భుజాల మీంచి తొంగిచూశారు. ఇలా అడిగితే నేనైనా నిజం చెప్పనని ఆమె మొత్తుకుంటే, పిల్లలు బుద్ధిమంతులైతే మీకొచ్చిన బాధేంటమ్మా అన్నారాయన.

వారం రోజులు వెంటపడి, చెవిలో జోరీగలా పోరి, రెండోసారికి ఒప్పించింది. ఈసారి నంబర్లు లేవు. టీచర్లను బయటికి పంపేసింది. అందరికీ ఒకే రకం పెన్సిళ్లు పంచి, టిక్కు పెడితే చాలంది. తాళం వేసిన డబ్బా వెనక బల్ల మీద పెట్టి, తను కిటికీ వైపు తిరిగి నిలబడింది.

మత్తు ప్రశ్నకు ఇరవై ఏడు మంది అవునన్నారు. ఒక కాగితం అడుగున చిన్న అక్షరాలతో, "మానేయాలనుంది. ఎవరికి చెప్పాలి?" అని ఉంది.

హెడ్‌మాస్టర్ ముఖం మాడిపోయింది. నోటుపుస్తకాలు తెప్పించి ఆ చేతిరాత ఎవరిదో పట్టుకుందామన్నారు.

"పట్టుకుని ఏం చేస్తారు సార్?"

"ఏం చేస్తాం, తల్లిదండ్రుల్ని పిలిపిస్తాం. స్కూలు పరువేం కాను?"

"ఎవరు రాశారో వెతకనని పిల్లలకు మాటిచ్చాను. ఇవాళ ఒకరిని పట్టుకుంటే, రేపు మళ్లీ సున్నాలే వస్తాయి."

"మీ ఉద్యోగం మీరు చూసుకోండమ్మా" అన్నారాయన.

నేను చూసుకుంటున్నది అదేగా అని గొణుక్కుంటూ ఆమె లెక్కలు మాత్రం ఆయన బల్ల మీద పెట్టింది. కాగితాలన్నీ తన గదికి తీసుకెళ్లి బకెట్ నీళ్లలో ముంచి, ముద్ద చేసేసింది. మర్నాడే మెమో వచ్చింది.

కానీ ఆ రాసినవాళ్లు ఎవరో తనకీ తెలియదే అన్న బాధ ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. పొద్దున పిల్లలంతా వరసల్లో నిలబడినప్పుడు మైకు అందుకుని, మధ్యాహ్నం బెల్లయ్యాక తన గది తలుపు తీసే ఉంటుందని, పేరు అడగనని, రిజిస్టర్లో రాయనని చెప్పింది.

మూడు రోజులు ఒక్కరూ రాలేదు. నాలుగోరోజు పదో తరగతి పిల్ల ఒకతె గుమ్మం దగ్గరే ఆగి, సంగతి తనది కాదని, స్నేహితురాలిదని అంది.

"నీ స్నేహితురాలి గురించే మాట్లాడుకుందాం. కూర్చో తల్లీ" అంటూ నర్సమ్మ కుర్చీ జరిపింది.