పెనం పిడి

నేను కడిగిన పళ్ళేలు తుడుస్తున్నాను. అక్క పెనం పిడి ఎడమచేత్తో పట్టుకుని పొయ్యి మీద ముందుకు తోస్తోంది. పొయ్యి వెలిగించలేదు.

"తోస్తే పవర్ పెరుగుతుంది," అంది పెనంతో.

"పైకి లాగితే పెరుగుతుంది," అన్నారు నాన్న, పేపరు దించకుండా. ఆయన హెలికాప్టర్ పైలట్‌గా రిటైరయ్యారు. అక్కకు నేర్పిందీ ఆయనే.

అక్క పైలట్‌గా పనిచేసే ఎయిర్ అంబులెన్స్ కంపెనీ హెలికాప్టర్లు తీసేసి టిల్ట్‌రోటర్లు తెచ్చింది. వాటికి రెక్కల చివర పెద్ద పంకాలుంటాయి. లేచేటప్పుడు అవి ఆకాశం వైపు, లేచాక ముందుకు తిరుగుతాయి. హెలికాప్టర్‌లో పవర్ మీట పైకి లాగాలి, వీటిలో మాత్రం విమానంలో మాదిరే ముందుకు తొయ్యాలి. మొన్న పరీక్షలో, నకిలీ కాక్‌పిట్‌లో, దిగుతూ దిగుతూ అది ఒక్కసారిగా కిందికి జారేసరికి అక్క చెయ్యి పాత అలవాటుకొద్దీ మీటను లాగేసింది. తెర మీద నేల వచ్చేసింది. ఇవాళ మళ్ళీ పరీక్ష. ఇదీ తప్పితే ఇక ఎగరడం ఉండదు, ఆఫీసులో కుర్చీయే.

"విమానం అనుకుని నడిపెయ్, అంతే," అన్నాడు బావ, పొయ్యి గట్టుకి అవతల కూర్చుని మేజోళ్ళు వేసుకుంటూ. ఆయన విమానాల పైలట్.

"నీ విమానం దిగాలంటే ఊరంత రోడ్డు కావాలి అల్లుడూ. మాది మేడ మీద దిగేది."

"దిగేది మామయ్యా. అది చేరేలోపు రోగికి మనవలు పుట్టేవాళ్ళు."

"ఈ టిల్ట్‌రోటర్ మాత్రం గొప్పా? బరువెత్తమంటే హెలికాప్టరంత ఎత్తదు, పరిగెత్తమంటే నీ దానంత పరిగెత్తదు."

"రోగిని మేడ మీంచి ఎత్తుకుని, వాడు బతికుండగానే చేరుస్తుంది నాన్నా," అంది అక్క. "హెలికాప్టర్ కిందికి జారిపోతుంటే మీ చెయ్యేం చేస్తుంది?"

నాన్న ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆయన దానికేసి కాసేపు చూశారు.

"నాకొచ్చింది అదే చెయ్యి," అంది అక్క.

నాన్న పేపరు మడిచి పొయ్యి దగ్గరికొచ్చారు. "పట్టుకో. నేను అరుస్తా."

"పడిపోతున్నాం!" అని అరిచారు. అక్క లాగింది.

"చచ్చాం. మళ్ళీ."

మళ్ళీ అరిచారు. మళ్ళీ చచ్చాం. పక్కింటావిడ కిటికీలోంచి చూసి, ఏమయిందని అడిగింది. "ఏం లేదండీ, అక్క దిగుతోంది," అన్నాను. ఆవిడ కిటికీ వేసేసింది.

చాలాసార్లు చచ్చాక, నాన్న మంచినీళ్ళు తాగుతున్నట్టు నటించి, గ్లాసు దించకుండానే అరిచారు. అక్క తోసింది. పెనం పొయ్యి దాటి బావ పాదం మీద పడింది.

"అమ్మా!" అన్నాడు బావ.

"బతికాం," అన్నారు నాన్న.

ఏదైనా మాట్లాడితే చెయ్యి మళ్ళీ మరిచిపోతుందేమోనన్నట్టు, అక్క పెదవులు బిగించి సంచీ తీసుకుంది. కుంటుతూ లేచిన బావను తప్పించుకుని, పరీక్షకి వెళ్ళిపోయింది.