మధ్య వరసలో మూడో సీటు

ఎక్కడికి బయల్దేరినా నర్సింహులు బండిని ఒకసారి తుడిచేవాడు. ఆ రోజు మూడుసార్లు తుడిచాడు. రెండు వేల పన్నెండు మే నెల. మధ్యాహ్నం రెండున్నరకు కామారెడ్డిలో కూతురు అనూహ్యకు మెడికల్ ఎంట్రెన్స్. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. పోయినేడు ర్యాంకు రాలేదు. "ఇదే ఆఖరుసారి బిడ్డా" అని తండ్రి ముందే చెప్పేశాడు. పన్నెండుకే బయల్దేరాల్సింది, టైరు పంక్చరై గంట పోయింది.

బండి ఇన్నోవా. అంతకుముందు వాళ్ళకు క్వాలిస్ ఉండేది. పెట్టెలా నలుచదరంగా ఉండి, గుంతల్లో పడితే నడుములు విరిచేది. క్వాలిస్ రావడం ఆగిపోయి ఇన్నోవా వచ్చాక, నాలుగేళ్ళు ఓపిక పట్టి నర్సింహులు తొమ్మిదో ఏడు మోడల్ కొన్నాడు. ముందర ఇద్దరు, మధ్యలో వెనక్కి వాల్చుకునే విడి సీట్లు రెండు, వెనక ముగ్గురు. కప్పులోంచి వెనక వరసలకూ చల్లగాలి. ఈ ఏడు మూతి మార్చి కొత్తది తెచ్చారని బజార్లో అందరూ చెప్పుకుంటున్నా, ఆయన మాత్రం తన బండినే చూసుకుని మురిసేవాడు.

డోరు తీసిన అనూహ్య ఆగిపోయింది. మధ్య వరసలో సీట్లు మూడున్నాయి.

"బాపూ, సీటు మొలిచింది."

నర్సింహులు ముఖం మాడిపోయింది. దారిలో ఎవరికో అవసరం పడితే నర్సింహులు వాళ్ళ బండిలో సీటు మొలుస్తుందని వాళ్ళ ఊరు ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. క్వాలిస్‌లోనూ మొలిచేది. ఒకసారి పిట్లం దారిలో తొందరపడి ఆయన ఆగలేదు. మోరీ పక్కన ఎవరో ముసలాయన చనిపోయాడని మర్నాడు తెలిసింది. వారం దాకా అన్నం సహించలేదు. క్వాలిస్ అమ్మేసినా, మొలిచే గుణం కొత్త బండికి వచ్చేసింది.

"ఇయ్యాలనే మొలవాల్నా?" అన్నాడు.

"ఎవరో ఉంటరు. ఎక్కించుకొని పోదాం, నడువు" అంది ఆయన తల్లి కమలవ్వ, ముందు సీట్లో సర్దుకుంటూ.

లింగంపేట దాటారు. ఎవరూ చెయ్యెత్తలేదు. అడవి మొదలైంది. రోడ్డు మీద ఎండ నీళ్ళలా మెరుస్తోంది. అనూహ్య పుస్తకం తెరిచింది గానీ ఒక్క అక్షరం ఎక్కలేదు. పక్క సీటు మీద చెయ్యి వేసింది. ఏసీలో కూడా వేడిగా ఉంది. ఒక మలుపు దగ్గర చెయ్యి పెట్టలేనంతగా కాలింది. మలుపు దాటగానే చల్లబడటం మొదలైంది. చల్లబడుతూ సన్నబడుతోంది.

అద్దంలో తండ్రి కళ్ళు కనిపించాయి. ఆయనా చూశాడు. చూసి, బండి వేగం పెంచాడు.

ఒంటిగంటా నలభై. తను నోరు విప్పకపోతే ఎవరూ విప్పరని అనూహ్యకు అర్థమైంది. సీటు జానెడైంది.

"బాపూ, ఎనకకు తిప్పు."

"టైం చూసినవా?"

"తిప్పు బాపూ!"

మలుపు దగ్గర మోదుగు పొద కింద ఒకాయన పడి ఉన్నాడు. తలకింద మూట. ఇటుక బట్టీల నుంచి తండాకు నడిచి పోతున్నట్టుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. పేరడిగితే "ధర్మ్యా" అన్నాడు, తర్వాత మాట తడబడింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

వాళ్ళు ఎత్తుకొచ్చేసరికి సీటు మళ్ళీ నిండుగా ఉంది. అనూహ్య దాన్ని వాల్చి పడుకోబెట్టింది. గాలి అంతా ఆయన మీదికి తిప్పింది. చున్నీ తడిపి మెడ మీద, చంకల్లో అద్దింది. సీసాలో నీళ్ళయిపోతే కమలవ్వ తన మరచెంబు అందించింది.

కామారెడ్డిలోకి వచ్చేసరికి రెండూ ఇరవై రెండు. కుడివైపు పరీక్ష, ఎడమవైపు దవాఖాన.

"ముందుగాల నిన్ను దింపుత. అయిదు నిమిషాలే" అన్నాడు నర్సింహులు.

ధర్మ్యా ఊపిరి ఆగింది. అనూహ్య ఆయన ఛాతీ మీద చెయ్యి వేసింది. ఆగిన ఊపిరి మళ్ళీ వచ్చింది.

"దవాఖానకే బాపూ."

పరీక్ష గేటు చేరేసరికి రెండూ ముప్పై ఆరు. నర్సింహులు కాపలావాడికి చేతులు జోడించాడు. జోడించిన ఆ చేతులు చూడలేక అనూహ్య ఆయన భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. ఏడుపు రాలేదు. దవాఖానలో ధర్మ్యా ఎట్లున్నాడో అన్న ఒక్క ఆలోచనే ఉంది.

సాయంత్రం ధర్మ్యా కళ్ళు తెరిచాడు. ఇంకో పావుగంట అయితే చేతికి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. కబురందుకుని భార్య రుక్మిబాయి పరుగున వచ్చింది. మొగుడి నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తున్న అనూహ్యను చూసి, "నువ్వు డాక్టరమ్మవా బిడ్డా?" అంది.

"కాదవ్వా."

నర్సింహులు గొంతు సవరించుకున్నాడు. "వచ్చేయేడు మళ్ళ రాద్దువులే. ఆఖరుసారన్నది ఊకెనే అన్న."

"లేదు బాపూ. నేను నర్సింగ్‌ల చేరుత."

అంతవరకు ఆ సంగతి ఆమెకూ తెలియదు. నోట్లోంచి వచ్చాక విని, నిజమేననుకుంది.

నర్సింహులు లేచి, చొక్కా సర్దుకున్నాడు.

"ఫారాలు ఎప్పుడిస్తరో, ఈడి పెద్ద నర్సమ్మను అడుగుదాం పా."