చేతులకు అలవాటుపడ్డ కోళ్ళు

పద్నాలుగు కోళ్ళు పదకొండయ్యాయి. పోయిన మూడింటినీ వెనక గోడ మీద తిరిగే బావురుపిల్లి ఎత్తుకుపోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు ఎత్తుకుపోగలిగిందో మాత్రం కోడలొక్కదానికే తెలుసు. తెలిసినా నోరు మెదపలేదు, తప్పు అత్తగారిది కాబట్టి. అత్తగారి తప్పు అత్తగారికే చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే కదా!

ఆవిడ ఆ కోళ్ళని పిల్లలప్పట్నించీ ముద్దు చేసింది. అదేమన్నా మామూలు ముద్దా? సందెవేళకి ఒక్కోదాన్నీ రెండు చేతులా ఎత్తి, "రా తల్లీ, పడుకుందువుగాని" అంటూ గూట్లో పెట్టి, చివర్న చెక్క తలుపు దించేది. నాలుగేళ్ళు అదే తంతు. లోకంలో ఏ కోడైనా పొద్దు వాలితే తన గూటికి తను పోతుంది. ఈ మహారాణులకి ఆ సంగతే తెలీదు. గూటి ముందు బైఠాయించి, ఎత్తేవాళ్ళ కోసం ఎదురుచూస్తాయి.

అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఆ మోత కోడలి నెత్తిన పడింది. ఆసుపత్రి లాండ్రీలో పగలల్లా దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి కోళ్ళని మోసేది. పని తెమలక ఆలస్యమైన మూడు రోజుల్లో మూడు కోళ్ళు పోయాయి.

ఇప్పుడు రేపట్నించి ఆమెకి సాయంత్రం డ్యూటీ పడింది. పక్కింటి టైలరు మంచివాడే, చీకటి పడ్డాక వచ్చి తలుపు దించుతానన్నాడు. కోడిని ముట్టుకోవడం మాత్రం తన వల్ల కాదన్నాడు. లారీ మీద వారమంతా తిరిగొచ్చిన మొగుడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇవాళ అన్నీ వాటంతట అవే గూట్లోకి పోతే సరేసరి, ఒక్కదాన్ని చేత్తో పెట్టాల్సొచ్చినా తెల్లారేసరికి కోళ్ళ బండివాడు అన్నిటినీ పట్టుకుపోతాడని. పిల్లి పాలయ్యే కంటే అది నయం కాదా అన్నాడు. తల్లి ప్రాణాలన్నీ వాటి మీదే ఉన్నాయని తెలిసే అన్నాడు, ఆ మాట అంటున్నప్పుడు తల్లి గదివైపు చూడలేదు.

కోడలు చేతనైనదంతా చేసింది. లాండ్రీలో బట్టలు పిండే పెద్దామె చెప్పినట్టు, నాలుగు రోజులు వాటిని గూట్లోనే ఉంచి తిండీ నీళ్ళూ అక్కడే పెట్టింది, అదే తమ ఇల్లని తెలుసుకుంటాయని. చీకటిగా ఉంటే కోడి అడుగు పెట్టదంది పెద్దామె, అందుకని గూటి లోపల టార్చి వెలిగించి కట్టింది. ఈ మధ్యాహ్నమే బయటికి వదిలింది.

పొద్దు గుంకింది. పదకొండూ వచ్చి గూటి ముందు చతికిలబడ్డాయి. తలుపు తెరిచే ఉంది, లోపల వెలుతురూ ఉంది. ఒక్కటంటే ఒక్కటి లేస్తే ఒట్టు. వెనక గుమ్మంలో మొగుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గోడ మీద పిల్లి కనబడింది. రాయి విసిరితే అది పోతుంది గాని కోళ్ళూ చెల్లాచెదురవుతాయి. చీకట్లో కోడికి కళ్ళు కనపడవు, ఏది ఎటు పోయిందో వెతుక్కోవడం ఎవరి తరం? కోడలు చీపురు పట్టుకుని గోడకీ కోళ్ళకీ మధ్య నిలబడింది.

అప్పుడు చూసింది. కోళ్ళన్నీ గూటివైపు కాకుండా అత్తగారి కిటికీవైపు తిరిగి కూచున్నాయి. అక్కడ దీపం వెలుగుతోంది. ఆవిడ మంచంలోంచే, పోండి తల్లీ, లోపలికి పోండి అని గొంతు పోయేట్టు పిలుస్తోంది.

కోడలు పిల్లి మీంచి చూపు తిప్పకుండా కిటికీ దగ్గరికి వెనక్కి నడిచింది.

"అత్తయ్యా, దీపం ఆర్పేయండి. ఇంక పిలవకండి."

"నేను పిలవకపోతే అవి కదుల్తాయా ఏంటే?"

"మీరు పిలుస్తున్నారనే కదలట్లేదు. మీరొచ్చి ఎత్తుకుంటారని చూస్తున్నాయి."

అంత మాట ఎందుకన్నానా అని కోడలు నాలుక్కరుచుకుంది. లోపల స్విచ్చి టక్కుమంది, కిటికీ చీకటైపోయింది.

కోళ్ళు కొంచెంసేపు కొక్కొక్కుమన్నాయి. తర్వాత ఒక నల్ల పెట్ట లేచి, మెడ చాచి గూట్లోకి తొంగిచూసి, లోపలికి అడుగేసింది. దాని వెనక ఇంకోటి. ఆపైన రెండు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయాయి. కోడలు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. పదయ్యాయి. అత్తగారు ఒళ్ళో కూచోబెట్టుకుని గింజలు తినిపించిన తెల్ల పెట్ట ఒక్కటే మిగిలింది, రాయిలా కదలదు మెదలదు.

పిల్లి గోడ దిగింది.

మొగుడు ఇక ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు. "ఆ ఒక్కదాన్నీ పెట్టెయ్యవే. నేను చూళ్ళేదనుకుంటాలే," అన్నాడు గొంతు తగ్గించి.

కోడలు చేతులు ముందుకు చాచినంత పనయ్యింది. అయినా దిగమింగుకుంది.

"రేపు మీరుంటారా?" అంది.

ఆమె చీపురు నేలకి ఆనించి పిల్లికెదురుగా కూచుంది. అది ఆగింది. ఎంతసేపు అలా ఉన్నారో ఆమెకే తెలీదు, కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి తెల్లది విసుగ్గా రెక్కలు విదిలించుకుని లేచింది, నింపాదిగా నడుచుకుంటూ గూట్లోకి పోయింది. కోడలు ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు దించేసింది. కళ్ళంట నీళ్ళు జలజలా కారాయి. మొగుడు ఫోను తీసి, కోళ్ళ బండివాడికి రావద్దని చెప్పాడు.

అత్తగారి గదిలోకి వెళ్ళినా కోడలు దీపం వెయ్యలేదు. మంచం పట్టె మీద కూచుంది.

"అన్నీ వెళ్ళాయా?"

"పదకొండూ వెళ్ళాయి అత్తయ్యా."

"తెల్లదీ?"

"అదీ వెళ్ళింది, చివర్న."

ముసలావిడ కాస్త తటపటాయించింది. "దీపం ఆరాక ఒక్కటైనా ఇటు చూసిందా?"

చూసిందని చెబితే పోయేదేముంది, నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంతసేపు అబద్ధమాడకుండా నెగ్గుకొచ్చిన మనిషికి అప్పుడు నోరు రాలేదు.

"లేదత్తయ్యా."

ఆవిడ చీకట్లో తడుముకుని కోడలి చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

"పోన్లే," అంది. "ఇంక బతుకుతాయి."