నోరు తెరిచిన బొమ్మ

మా జొన్నచేలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా గొంతు అరుస్తూ ఉంటుంది. ఆ సమయంలో నేను మాత్రం బడిలో ఉంటాను.

కంకిలో పాలు పట్టే రోజుల్లో పిట్టలు ఆగవు. కావలికి మనిషి దొరక్క నాన్న బ్యాటరీ మైకు ఒకటి కొన్నాడు. కూరగాయల బండ్లవాళ్ళ దగ్గర ఉంటుందే, అలాంటిది. ఒకసారి అరుపు రికార్డు చేస్తే అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

"నాది బొంగురు గొంతు. నువ్వు అరువమ్మాయ్, గట్టిగా" అన్నాడు నాన్న.

మంచె ఎక్కి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, హో... హోయ్... హో అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. మా చేను బడి ప్రహరీ పక్కనే ఉందన్న సంగతి ఆ క్షణాన నాన్నకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మర్నాడు లెక్కల క్లాసు జరుగుతుంటే కిటికీలోంచి నా అరుపు వచ్చింది.

"ఒరేయ్, ఇది మన రాఘవమ్మ గొంతేరా! ఈడ నోరు పెగలదు గానీ, ఆడ చూడు!" అన్నాడు సుమంత్. సారు కూడా నవ్వాపుకున్నారు. నా పేరు వీరరాఘవమ్మ. మా నాయనమ్మ పేరు. ఆ రోజు నుంచి నా పేరు మైకు.

నేను మధ్యాహ్నం అన్నం తిని మెట్ల కింద కూర్చుంటాను. ఎనిమిదో తరగతిలో బడి పిల్లలందరికీ ఇచ్చిన ట్యాబులో బొమ్మలు గీస్తాను. ఒక్కో బొమ్మను కొంచెం కొంచెం మార్చి గీసి, వరసగా పరుగెత్తిస్తే బొమ్మ కదులుతుంది. సెకను కదలాలంటే పన్నెండు గీయాలి. వీడియోలు చూసి నేర్చుకున్నాను. మాట్లాడేవాళ్ళు లేకపోతే సెకనుకు పన్నెండు బొమ్మలు పెద్ద కష్టమేం కాదు.

ఇంగ్లీషు చెప్పే జ్యోతిర్మయి మేడం ఒకరోజు అక్కడికొచ్చి చూశారు. నరసరావుపేటలో పిల్లల కార్టూన్ల ప్రదర్శన ఉందనీ, బడికొకటి పంపవచ్చనీ చెప్పారు. ఏం తీస్తావని అడిగారు.

"పిట్టల్ని తోలే పిల్ల మేడం" అన్నాను. వినపడక మళ్ళీ అడిగారు.

వీడియోల్లో చెప్పినట్టే ఆ పిల్లను గీశాను. మొహంలో సగం కళ్ళు. ముక్కంటే రెండు చుక్కలు. నోరు ఒక చిన్న గీత. సన్నటి నడుం. రంగుల పెట్టెలో 'స్కిన్' అని ఉన్న లేత గులాబీ రంగే వేశాను. పెద్ద ముక్కు, కనపడే పళ్ళు, నల్లటి రంగు, ఇవన్నీ ఆ వీడియోల్లో మంత్రగత్తెలకే ఉంటాయి.

దీపిక నీళ్ళ బాటిల్ కోసం వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసింది. క్లాసులో అందరూ చుట్టూ చేరే పిల్ల దీపిక.

"ఏమే, ఎవరే ఈ పిల్ల, చానా బాగుంది! ఎండన పడి పిట్టల్ని తోలేదాన్లా లేదులే, సబ్బు యాడ్‌లో పిల్లలా ఉంది" అంటూ పక్కన కూలబడింది.

మర్నాడు కూడా వచ్చింది. జడకి రిబ్బను పెట్టమంది, జూకాలు మార్చమంది. తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి నా అన్నంలో వేసింది. ఆ వారమంతా నేను మెట్ల కింద ఒక్కదాన్నే లేను. గంట కొట్టినా లేవబుద్ధి అయ్యేది కాదు.

బొమ్మకి అరుపు కలపాల్సిన రోజు వచ్చింది. మైకులోని నా అరుపే పెట్టాను. కానీ ఆ చిన్న గీతలోంచి అంత అరుపు ఎలా వస్తుంది? వెనకాల ఇంకెవరో అరుస్తున్నట్టుంది. నోరు కాస్త తెరిపిస్తే ఆవలించినట్టుంది.

ఇంట్లో తలుపు గడియపెట్టి, అద్దం ముందు శబ్దం లేకుండా అరిచి చూసుకున్నాను. దవడ కిందికి జారుతుంది. ముక్కు వెడల్పవుతుంది. కళ్ళు దాదాపు మూసుకుపోతాయి. పళ్ళన్నీ బయటికొస్తాయి. నావి ఎత్తుపళ్ళు. నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటాను. అందుకే నా నోటిని అంతసేపు చూడటం అదే మొదలు.

చూసింది చూసినట్టు గీశాను. ఆ నోటికి ఆ కళ్ళు నప్పలేదు, చిన్నవి చేశాను. ముక్కు కావాల్సి వచ్చింది, పెట్టాను. ఎండలో ఆ గులాబీ రంగు అబద్ధంలా ఉంటే అదీ మార్చాను. ఆడించి చూస్తే అరుపు ఆ పిల్ల కడుపులోంచే వచ్చింది. పిట్టలు లేచిపోయాయి.

దీపిక చూసి మొహం చిట్లించింది. "ఛీ, ఇట్టా పాడుచేశావేందే? దెయ్యంలా ఉంది. ఆ పళ్ళేంది..."

అక్కడ ఆగిపోయింది. నా నోటి వంక చూసి, గబుక్కున తన డబ్బా మూత వెతుక్కుంది. తిట్టినా బాగుండేది.

మేడం ఆడించి చూశారు. "అరుపు చాలా బాగా కుదిరింది రాఘవా. కానీ చూసేవాళ్ళకి ముందు మొహం నచ్చాలి కదా. పాత మొహమే ఉంచు. అరిచేటప్పుడు వెనక నుంచి చూపించు. సరిపోతుంది."

"నేను రంగులేస్తా మేడం. ఇద్దరి పేర్లూ పెడదాం" అంది దీపిక. నా చెయ్యి పట్టుకుని ఊపింది. "ఇద్దరం బస్సులో కిటికీ పక్కన కూర్చుందామే."

నాకు అది కావాలి. చాలా కావాలి. ఆ సాయంత్రం పాత బొమ్మ తెరిచి వీపు గీశాను. పొడుగు జడ, రిబ్బను, సన్నటి నడుం. అరుపు కలిపాను. చూడముచ్చటగానే ఉంది. కానీ ఆ వీపు అవతల మనిషి లేదు. మంచెకి మైకు కట్టి, దానికి పావడా తొడిగినట్టుంది.

మర్నాడు స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడ్డాను.

"ఇదే పంపండి మేడం."

"పాతదేనా?"

"కాదు మేడం. నోరు తెరిచిన బొమ్మ."

మేడం కోప్పడలేదు. "పోయినేడాది ఏమేం తీసుకున్నారో చూశానమ్మా. ఇది పంపితే పక్కన పెట్టేస్తారు. మనకున్నది ఒక్క అవకాశం. మొహం మార్చవా మరి?"

తల అడ్డంగా ఊపాను. అది చాలదనిపించి, "మార్చను మేడం" అన్నాను. నా మాట నాకే పెద్దగా వినిపించింది.

మా క్లాసు సంజన చేసిన పెళ్ళికూతురి బొమ్మను పంపారు. దానికి దీపిక రంగులు వేసింది. ఈ పొద్దున వాళ్ళిద్దరూ మేడంతో కలిసి నరసరావుపేట బస్సెక్కారు. కిటికీలోంచి దీపిక అందరికీ చెయ్యి ఊపింది. అందరిలో నేనూ ఉన్నాను కాబట్టి నేనూ ఊపాను.

మధ్యాహ్నం మెట్ల కింద ట్యాబు తెరిచాను. పిట్టలు లేచిపోయిన చోటే బొమ్మ ఆగి ఉంది. ఆ తర్వాత పిల్ల ఏం చేస్తుందో నేనింకా ఆలోచించలేదు. అరిచినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు నోరు మూయాలి కదా. మెల్లగా మూయించాను. పెదాలు పూర్తిగా కలవలేదు, పంటి అంచు కాస్త కనపడుతూనే ఉంది. ఉండనిచ్చాను.

ఆకాశంలో పిట్ట లేదు. చేలో మనిషి లేడు. ఎంతసేపని నిలబడుతుంది? మంచె అంచున కూర్చోబెట్టాను. కాళ్ళు కిందికి వేలాడాయి. ఊరికే కూర్చున్నవాళ్ళ కాళ్ళు ఎలా ఊగుతాయో నాకు బాగా తెలుసు. ముందు ఎడమ పాదం గీశాను.